రాకేశ్ శర్మ
రాకేశ్ శర్మ (జననం: 1949 జనవరి 13) అంతరిక్షంలోకి వెళ్లిన తొలి భారతీయుడు. వృత్తిరీత్యా యుద్ధవిమాన చోదకుడు, టెస్ట్ పైలట్. పుట్టింది పటియాలాలో అయినా చదువు సాగింది హైదరాబాదులో: అబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, ఆ తర్వాత నిజాం కాలేజీ. 1966లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరి, 1970లో వైమానిక దళంలో పైలట్ అయ్యారు. మరుసటి ఏడాదే బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. ఇరవై మూడేళ్లు నిండకముందే మిగ్-21లో 21 సార్లు యుద్ధ విధులకు వెళ్లివచ్చారు.

మిత్రదేశాల వారిని తమ అంతరిక్ష నౌకల్లో తీసుకెళ్లే ఇంటర్‌కాస్మోస్ పథకం కింద సోవియట్ యూనియన్ భారత్‌కూ అవకాశమిచ్చింది. బెంగళూరులో జరిగిన వడపోతలో, ఇరుకు చోటంటే భయం ఉందేమో చూడటానికి అభ్యర్థులను 72 గంటలు గదిలో పెట్టి తాళం వేశారు. చివరికి 1982లో శర్మ, రవీష్ మల్హోత్రా ఎంపికయ్యారు. శిక్షణ మాస్కో దగ్గరి స్టార్ సిటీలో. పాఠాలన్నీ రష్యన్‌లోనే కాబట్టి రోజుకు ఆరేడు గంటలు ఆ భాషతోనే కుస్తీ. మల్హోత్రా ప్రత్యామ్నాయ వ్యోమగామిగా నేల మీదే ఉండిపోయారు. అంతే కష్టపడ్డ ఆయన పేరు ఇప్పుడు తలచేవారు తక్కువ.

1984 ఏప్రిల్ 3న యూరీ మాలిషెవ్, గెన్నాదీ స్త్రెకలోవ్‌లతో కలిసి శర్మ బైకనూర్ నుంచి సోయుజ్ టి-11లో బయలుదేరి సాల్యూత్-7 అంతరిక్ష కేంద్రానికి చేరారు. భారత భూభాగాన్ని అక్కడి నుంచి ఫొటోలు తీశారు. భారరహిత స్థితికి ఒళ్లు అలవాటు పడటానికి యోగా పనికొస్తుందా అన్నది మరో ప్రయోగం. పాదాల కింద బరువే తెలియని చోట ఆసనం నిలవదు. ఒంటిని పట్టి ఉంచే పట్టీల అమరిక ఒకటి కావలసి వచ్చింది. పైనుంచి భారత్ ఎలా కనిపిస్తోందని ఇందిరా గాంధీ అడిగితే ఆయన ఇక్బాల్ గీతంలోని ‘సారే జహాఁ సే అచ్ఛా’ అన్న మాటతో బదులిచ్చారు. జనానికి ఆ జవాబే గుర్తుండిపోయింది, ప్రయోగాలు మరుగున పడ్డాయి. యాత్ర మొత్తం 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు. ఏప్రిల్ 11న కజకిస్తాన్ నేల మీద దిగారు. అశోక చక్ర, సోవియట్ యూనియన్ వీరుడు పురస్కారాలు అందుకున్నారు.

ఆయన కథ అక్కడితో ఆగిపోయినట్టే చాలామంది చెబుతారు కానీ, టెస్ట్ పైలట్‌గా ఆయన చేసిన పని అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. వింగ్ కమాండర్‌గా వైమానిక దళం నుంచి పదవీ విరమణ చేసి 1987లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో చేరారు. 1992 వరకు నాసిక్‌లో, ఆపై బెంగళూరులో చీఫ్ టెస్ట్ పైలట్‌గా ఉన్నారు. 2001లో విమానాలు నడపడం మానేశారు. తర్వాత నీలగిరుల్లోని కూనూరులో స్థిరపడ్డారు. అంతరిక్షానికి మరో భారత వైమానిక దళాధికారి, శుభాంశు శుక్లా, వెళ్లింది 2025 జూన్‌లో.