తాకేటాకు ఛాయాచిత్రము వచ్చిన దారి

రంగూను నడుమ గుడిసెలలో నివసించుచుండిన జనులను తరలించి, పజుండాంగు కాలువకు తూర్పున నున్న పల్లపు నేలపై బర్మా సేనాని నేవిన్ ఆపద్ధర్మ ప్రభుత్వము 1959లో నెలకొల్పిన ఉపనగరములలో తాకేటా యొకటి. ఆ పేట పుట్టుటకు ఎంతో పూర్వమే ఛాయాచిత్రకళ రంగూనులో వేళ్లూనియుండెను. ఫిలిప్ ఆడాల్ఫ్ క్లియర్ అను జర్మను ఛాయాగ్రాహకుడు మౌల్మీనునుండి వచ్చి అచ్చట స్టూడియో నడపెను. పిమ్మట అహూజా అను భారతీయుడు రంగుల కార్డులు అమ్మెను. క్లియరు కాలమున చిత్రమనగా గాజుపలక. దానికి బరువు కలదని పనివారు చేతులతో నెఱిగియుండిరి. ఆ బరువు నేటికిని పోలేదు, కంటికి కనబడకుండ మాత్రము మాఱినది.

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. రంగూను రేవులలో మూటలు మోసి, బియ్యపు మిల్లులలో పాటుపడి, 1930 మే నెల అల్లరులలో నెత్తురోడ్చి, 1942లో జపాను దాడికి జడిసి అడవిదారుల వెంట కాలినడకన వెడలి, 1960 దశకమున మరల ఓడలెక్కి విశాఖపట్టణపు బర్మా క్యాంపు వంటి తావులలో స్థిరపడిన వారికిని, బర్మాలోనే నిలిచిపోయిన వారి బంధువులకును నడుమ, ఉత్తరములో మడిచి పంపిన యొక్క ఫొటో ఎంతటి చుట్టఱికమును నిలుపగలదో చెప్పనక్కఱలేదు.

చిరకాలము బర్మాలో సిమ్ కార్డు సామాన్యున కందని సొత్తు. 2013లో టెలినార్, ఊరెడూ ఫోను సంస్థలకు అనుమతులు లభించి, మఱుసటి యేట వారి సేవలు మొదలైన పిదప అది 1,500 క్యాట్లకే దొరకెను. బల్లమీది కంప్యూటరు నెన్నడును తాకని జనులు చేతిఫోనులోనే అంతర్జాలమును తొలుత చూచిరి. వారి చేతికి వచ్చిన అంతర్జాలపు ఫొటో ఆల్బములు మాత్రము ధనికదేశముల వేగపు తీగలను, పెద్ద యంత్రములను తలచి కట్టినవి. వేలితో పైకి జరుపగానే తెల్లని గళ్లు కనబడును. ఒక్కొక్క చిత్రము గీత వెనుక గీతగా క్రిందికి దిగును. దిగినంతనే దానిక్రింది వన్నియు త్రుళ్లిపడి, అంతవఱకు చూచుచుండిన బంధువు ముఖము తెరనుండి జారిపోవును.

బరువునకు లెక్క కలదు. అడ్డముగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుగల చిత్రములో 1.2 కోట్ల చుక్కలుండును. విప్పి తెరపై పరచుటకు చుక్కకు నాలుగు బైట్లు చొప్పున 4.8 కోట్ల బైట్ల జ్ఞాపకస్థలము కావలయును. అట్టివి ఇరువది చేరినచో చౌక ఫోను ఊపిరాడక ఆగిపోవును. 400 చుక్కల వెడల్పుగల చిన్నప్రతి కందులో నూఱవవంతు చాలును, అఱచేతి తెరపై వరుసగా చూచుటకు అది సమృద్ధి.

ఇక తీగపై ప్రయాణపు బరువును తగ్గించిన ఘనత గణితజ్ఞులది. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు ప్రకటించిన కొసైను పరివర్తనమే 1992 నాటి జేపెగ్ అను చిత్రప్రమాణమునకు మూలము. చిత్రమును ఎనిమిదేసి చుక్కల చదరములుగా విభజించి, కన్ను గుర్తింపని సూక్ష్మభేదములను వదలివేయుట దాని పద్ధతి. ఈ ప్రమాణములోనే, మొదట మసకగా చిత్రమంతయు తోపించి, క్రమముగా స్పష్టపఱచు మఱియొక వరుస కలదు. గీత వెనుక గీతగా దిగు వరుసకంటె ఇదియే నెమ్మది తీగపై మేలైనదని నా నిశ్చయము, ఏలయన చూచువానికి తొలిక్షణముననే ఎవరి బొమ్మయో తెలియును.

తెరకు చేరువైనప్పుడే చిత్రమును తెప్పించు వాడుక చాలకాలము అదనపు ప్రోగ్రాములతో సాగి, 2019లో క్రోము బ్రౌజరునందే స్వతస్సిద్ధముగా చేరెను. దాటిపోయిన వానిని జ్ఞాపకస్థలమునుండి తీసివేయుట దీనికి తోడు కావలయును. ఇక త్రుళ్లిపాటునకు మందు అన్నిటికంటె చౌక: వెడల్పెంతయో ఎత్తెంతయో ఆల్బము కట్టువారు రెండు సంఖ్యలు ముందుగా వ్రాసినచో, చిత్రము రాకపూర్వమే దాని తావు సిద్ధమై యుండును. ఇంతటి సులభకార్యమును ఎందఱో నేటికిని ఉపేక్షించుట నాకు బాధాకరము. ఆ ఉపేక్షకు వెల చెల్లించువాడు కొలతబడి డేటా కొనుక్కొను పేదవాడు.

2021 ఫిబ్రవరి 1న బర్మా సైన్యము మరల అధికారమును చేజిక్కించుకొని, రాత్రులందు అంతర్జాలమును ఆపి, మార్చి నెలలో చేతిఫోనుల డేటాను తెగగొట్టెను. ఆ దినములలో తీగ నమ్ముకొన్న ఆల్బమెంత వేగవంతమైనను నిరుపయోగమయ్యెను. ఒకసారి వచ్చిన చిన్నప్రతులను ఫోనులోనే భద్రపఱచు ఆల్బములు మాత్రము తెఱచుకొనెను.