సున్నపురాతిలో పెట్రోలియం పుట్టుక

సున్నపురాతిలో చమురు దొరికినంత మాత్రాన అది ఆ రాతిలోనే పుట్టిందనుకోలేం. 1974లో ఓఎన్‌జీసీ కనుగొన్న బొంబాయి హై క్షేత్రంలో చమురు ప్రధానంగా మయోసీన్ కాలపు సున్నపురాతిలో ఉంది. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల పెంకులు పేరుకొని ఏర్పడిన రాయి అది. అటువంటి నీటిలో ఆక్సిజన్ పుష్కలం, జీవపదార్థం నిలవకుండా కుళ్ళిపోతుంది. అందుకే ఆ సున్నపురాతికి కింద ఉన్న పన్నా షేల్‌నే చమురు పుట్టిన మాతృశిలగా భావిస్తారు. లోతుకు దిగిన షేల్ సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వేడికి మగ్గితే అందులోని కెరోజన్ అనే ఘన జీవపదార్థం చమురుగా మారి, పగుళ్ళ వెంట పైకి పాకుతుంది. చమురులోని జీవచిహ్న అణువులను షేల్ సారంతో పోలిస్తే ఈ చుట్టరికం బయటపడుతుంది.

మరి సున్నపురాయి ఎన్నడూ మాతృశిల కాదా? అవుతుంది. సౌదీ అరేబియాలో గవార్ క్షేత్రపు చమురుకు మూలం జురాసిక్ కాలపు సున్నపు బురదే. కానీ అది ఆక్సిజన్ అందని అడుగున పేరుకున్న నల్లని పొర. చమురు నిలిచిన అరబ్-డి రాయి వేరు. తేడా సున్నానిది కాదు, అది పేరుకున్న నీటిది.

ఇక బిలాస్‌పూర్‌కు తూర్పున, అకల్తరా వైపు సున్నపురాయి విస్తారంగా ఉంది. ఛత్తీస్‌గఢ్ బేసిన్‌లోని ఈ రాళ్ళు సుమారు వంద కోట్ల ఏళ్ళనాటివి. సిమెంటుకు పనికొస్తున్నాయి, చమురు మాత్రం ఇవ్వలేదు. వయసొక్కటే కారణమనలేం: ఒమాన్‌లో 54 కోట్ల ఏళ్ళు దాటిన రాళ్ళు నేటికీ చమురిస్తున్నాయి. ఇక్కడ ముందు వెతకవలసింది సున్నపురాతిని కాదు, దాని పక్కన మాతృశిలను.