ఇంటి దీపము: ఆముదపు ప్రమిద మొదలు ఎల్.ఇ.డి. బల్బు వరకు

ఇంటి దీపమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్నడిగినారు. నేను శాస్త్రజ్ఞుడను కాను. బడిలో చరిత్ర పాఠములు చెప్పి బ్రదికినవాడను. కాని డెబ్బదియైదేండ్ల నా జీవితములో మా వంటింటి దీపము నాలుగు రూపులు మారగా కన్నులార చూచితిని. అయిదవది, అన్నిటికంటె పాతది, మా నాయనమ్మ చెప్పగా వింటిని. రాజుల చరిత్ర వ్రాయువారు పలువురు కలరు. మన యింటి గోడమీది మసి చరిత్రను మనమే చెప్పుకొనవలెను.

మా నాయనమ్మ కాపురమునకు వచ్చిన కాలమున ఇంట ఆముదపు దీపమే. ఆముదపు గింజలను వేయించి, రోట దంచి, నీటిలో కాచి, పైకి తేలిన నూనెను గరిటెతో తేర్చి తీసెడివారట. ఒక పూట పనియంతయు దానికే చెల్లెడిది. అందుచేత దీపమున పోయు నూనెకు లెక్క యుండెడిది. ప్రమిదలోని నూనె తీరినదా, ఆ రాత్రికి పని తీరినట్లే. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనను సామెతను మనము నేడు ఉపమానముగా వాడుచున్నాము; ఆమెకు అది ఉపమానము కాదు, ఉన్నమాట. దీపమును ‘ఆర్పు’మనుట ఆమె యెదుట తప్పు. ‘కొండెక్కించు’మనవలెను, లేదా ‘ఘనము చేయు’మనవలెను. ఆమె తుదిదినములలో విద్యుద్దీపపు మీటను నొక్కునపుడు కూడ ఆ మాటనే వాడెడిది.

తరువాత కిరసనాయిలు వచ్చెను. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అది మొదట అమెరికానుండియు, పిమ్మట రష్యా దేశపు బాకూ నుండియు, ఆపైన బర్మానుండియు ఓడలలో మన రేవులకు దిగెను. నూనెతో పాటు వచ్చిన రేకు డబ్బాయు ఇంటింట స్థిరపడెను. అది నీళ్లు తోడుటకు, ధాన్యము పోసికొనుటకు, విప్పి చదును చేసినచో పాక మీద కప్పుటకు కూడ పనికివచ్చెను. నేను పుట్టునప్పటికి మా యింట రెండు బుడ్డిదీపములును, ఒక లాంతరును ఉండెను. సాయంకాలము లాంతరు చిమ్నీని ముగ్గుపిండితో తుడుచుట నా పని. చిమ్నీ సన్నగా నుండుటచే పిల్లల చేయి మాత్రమే దానిలో దూరెడిది గనుక ఆ పని నాకు తప్పినది కాదు.

ఆ బుడ్డిదీపమును గూర్చి నేడు కొందరు ముచ్చటగా చెప్పుకొనుచుందురు. నాకు ఆ ముచ్చట లేదు. నా చెల్లెలికి తొమ్మిదవయేట, చాపమీద పండుకొని చదువుకొనుచుండగా బుడ్డి ఒరిగి, నూనె పొరలి, పరికిణీ అంటుకొన్నది. మా అమ్మ గోనెపట్టా కప్పి మంట నణచెను. పిల్ల బ్రదికినది గాని ఎడమచేయి మోచేతికడ ముడుచుకొనిపోయి, మరల చక్కగా చాపుటకు రాలేదు. ఆ పిదప ఆమె దీపముకడ కూర్చుండి చదువలేదు. అయిదవ తరగతితో చదువు ఆగెను. మన పల్లెలలో ఇట్టి చేయి, ఇట్టి చదువు ఎన్ని యిండ్లనుండెనో పెద్దలైన మీకు నేను చెప్పనేల!

ఇక విద్యుద్దీపము. 1879వ సంవత్సరమున ఇంగ్లండులో స్వాన్ అనువాడును, అమెరికాలో ఎడిసన్ అనువాడును, గాలి తీసివేసిన గాజుబుడ్డిలో బొగ్గుపోగును కాల్చి నిలుకడయైన వెలుగును చూపిరి. 1882లో ఎడిసన్ న్యూయార్కు నగరమున పెరల్ వీథిలో కేంద్రము నెలకొల్పి ఇండ్లకు విద్యుత్తును అమ్మసాగెను. మన దక్షిణదేశమున బెంగుళూరు వీథులలో 1905 ఆగస్టు 5వ తేదీన విద్యుద్దీపములు వెలిగెను. హైదరాబాదులో హుస్సేన్ సాగరపు గట్టున 1920లో బొగ్గుతో నడచు కేంద్రము వెలసెను. ఆంధ్ర, ఒరిస్సాల సరిహద్దునందలి మాచ్ ఖండ్ జలవిద్యుత్తు 1955లో వచ్చెను. మా యూరికి తీగలు వచ్చుటకు మరి యేడేండ్లు పట్టెను. తొలుత రామమందిరముకడ ఒక్కటే బల్బు. ఆ రాత్రి ఊరంతయు దానిక్రింద ఏమియు చేయక ఊరక కూర్చుండెను.

ఆ బల్బులోని తంత్రము చాల మోటైనది. సన్నని తీగను కాల్చుట; అది తెల్లబారునంతవరకు కాల్చుట. 1910 ప్రాంతమున కూలిడ్జి అను అమెరికావాడు టంగ్‌స్టన్ లోహమును తీగగా సాగదీయు ఉపాయము కనుగొనుటతో బల్బు గట్టిపడినది గాని, దాని స్వభావము మారలేదు. నూరు పాళ్ళ విద్యుత్తును త్రాగినచో అది వెలుగుగా తిరిగి ఇచ్చునది ఇంచుమించుగా అయిదు పాళ్ళు. తక్కినదంతయు వేడియే. మనము దీపమునకు సొమ్ము కట్టితిమనుకొంటిమి. నిజమునకు కుంపటికి కట్టితిమి. కోడిపిల్లలను పెంచువారు మాత్రము ఆ వేడిని ఎరిగి వాడుకొనిరి. తొట్టిపైన బల్బు వ్రేలాడగట్టి పిల్లలను వెచ్చగా నుంచుట మీలో పలువురు చూచియే యుందురు. ఆ బల్బునకు తగిన పని అది!

దాని ఆయువు కథ మరియొకటి. 1924 డిసెంబరులో ఐరోపా అమెరికాలలోని పెద్ద బల్బు కంపెనీలవారు కూడి, జెనీవాలో ‘ఫీబస్’ అను పేర ఒక కట్టు కట్టుకొనిరి. బల్బు వేయి గంటలకు మించి వెలుగరాదు. మించినచో దానిని చేసిన కంపెనీ తప్పు చెల్లింపవలెను. ఎక్కువకాలము మన్నునట్లు తీగను చల్లగా నుంచినచో వెలుగు తగ్గి విద్యుత్తు వ్యర్థమగునని వారు చెప్పిన సమాధానములో కొంత నిజము లేకపోలేదు. కాని సరకు గట్టిగా చేసినవానికి జరిమానా వేయు వర్తకమును ఏ సంతలోనైనను మన పెద్దలు మెచ్చియుందురా? రెండవ ప్రపంచయుద్ధము వచ్చి ఆ కట్టు తెగినది గాని వేయి గంటల లెక్క మాత్రము మన యిండ్లలో నిలిచిపోయెను.

ట్యూబులైటు 1938లో అమెరికా అంగళ్ళకు వచ్చెను. మనకు వచ్చినది చాల తరువాత. వేసవి సాయంకాలములందు ఓల్టేజి పడిపోగా అది వెలుగలేక, ఆరలేక, రెప్పలార్చుచుండెడిది. దాని చుట్టచుట్టిన తమ్ముడు సి.ఎఫ్.ఎల్. విద్యుత్తును బాగుగనే పొదుపు చేసెను గాని అందు కొంచెము పాదరసముండును. పగిలినచో దానిని పెరటిలో పారవేయుటకు మనసొప్పెడిది కాదు.

ఎల్.ఇ.డి. వీటి వంశములోనిది కాదు. అందు కాలునదేదియు లేదు. రెండు విధములైన స్ఫటికపు పొరలను ఒకదానిపై నొకటి చేర్చుదురు. ఒక పొరలో ఎలక్ట్రానులు మిక్కిలిగా నుండును. రెండవదానిలో వానికి ఖాళీలుండును. విద్యుత్తు పారినపుడు ఎలక్ట్రాను పైమడినుండి క్రిందిమడిలోనికి నీరు దుమికినట్లు ఖాళీలోనికి దుముకును. ఆ దూకుడులో విడిచిన శక్తియే వెలుగు. మడిగట్టు ఎత్తును బట్టి వెలుగు రంగు. గట్టు తక్కువైనచో ఎరుపు, ఎక్కువైనచో నీలము.

స్ఫటికము ఇట్లు వెలుగుటను 1907లోనే రౌండ్ అను ఆంగ్లేయుడు చూచెను. 1920 తరువాత రష్యాలో లోసెవ్ అను యువకుడు దానిని ఓర్పుతో పరిశీలించి వ్రాసెను. అతడు 1942లో లెనిన్‌గ్రాడు ముట్టడిలో ఆకలితో మరణించెను. కంటికి కనబడు ఎర్రని వెలుగునిచ్చు డయోడును 1962లో అమెరికాలో హోలన్యాక్ చేసెను. మీ రేడియో పెట్టె ముందర మినుకుమను ఎర్రచుక్క దాని సంతతియే. కాని ఎర్రచుక్కతో అన్నము వండుకొనలేము గదా. తెల్లని వెలుగు కావలెనన్నచో నీలపు డయోడు కావలెను. దానికై ముప్పదియేండ్లు పట్టెను. గాలియం నైట్రైడు అను పదార్థపు స్ఫటికము చీలికలు లేక పెరుగదు. పలువురు విసిగి విడిచిరి. జపానులో నగోయా విశ్వవిద్యాలయమున అకసాకియు, ఆయన శిష్యుడు అమనోయు దానిని విడువలేదు. అదే దేశమున తొకుషిమా ప్రాంతపు కంపెనీలో పనిచేయుచుండిన నకమురా, వారి కృషితో సంబంధము లేకయే తన దారిలో పాటుపడి, 1993లో కాంతివంతమైన నీలపు డయోడును చూపెను. నీలపు వెలుగుపై పసుపువర్ణపు పొడిని పూసినచో కంటికి తెలుపగుపించును. మన యింటి ఎల్.ఇ.డి. బల్బు రహస్యమంతయు ఇదియే. 2014లో ఆ ముగ్గురకును భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి వచ్చెను.

చిత్రమేమనగా, ఆ యేడాది శరత్కాలముననే ఆ దీపము మన ఆంధ్రదేశపు పల్లెలకు వచ్చెను. గుంటూరు, అనంతపురము, శ్రీకాకుళము, పశ్చిమగోదావరి జిల్లాలలో తొలుత పంచిరి. పాతబల్బులు రెండు తెచ్చి యిచ్చినచో ఏడు వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు రెండు, ఒక్కొక్కటి పది రూపాయలకు. అప్పటికి అంగడిలో దాని వెల మూడు వందల పైమాటయే. ప్రభుత్వపక్షమున వాటిని మొత్తముగా కొను సంస్థ 2014 మొదట ఒక్కొక్కదానికి సుమారు 310 రూపాయలు చెల్లింపగా, కోట్ల లెక్కను కొనుటచే 2016 నాటికి ఆ ధర సుమారు 38 రూపాయలకు దిగెను. 2015 జనవరి 5వ తేదీన ఈ పథకము దేశమంతటికిని విస్తరించి, పిమ్మట ‘ఉజాలా’ అను పేరు పొందెను. ఆ పేర పంచిన బల్బులు ముప్పదియారు కోట్లకు పైమాట. 2021లో పల్లెలకని వేరుగా పది రూపాయల పంపిణీ సాగినపుడు బీహారులోని ఆరా, కాశి, నాగపురములతో పాటు మన విజయవాడయు అందు చేరెను.

మా యూర వరుసలో నిలిచినపుడు నా ముందొక అవ్వ యుండెను. ‘‘ఇంత చవగ్గా ఇస్తున్నారంటే మనదగ్గర ఇంకేదో తీసుకుంటారు నాయనా’’ అని ఆమె నా చెవిలో చెప్పెను. వెలుగుచున్న బల్బును వెలుగుచుండగానే తీసి యిచ్చుట ఆమెకు పాడియావును తోలివేసినట్లుండెను. ఆమె శంకను నేను నవ్వి కొట్టివేయలేదు. లెక్క చెప్పితిని. ఆ లెక్కనే మీకును చెప్పుదును.

అరువది వాట్ల పాతబల్బు దినమునకు అయిదు గంటలు వెలిగినచో నెలకు తొమ్మిది యూనిట్లు. దాని వెలుగుతో సరిపోవు తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. నెలకు ఒకటింబావు యూనిట్లకు కొంచెము మించును. ఇంట అట్టివి నాలుగున్నచో నెలకు ముప్పది యూనిట్లు మిగులును. మన బిల్లులలో యూనిట్లు పెరిగినకొలది ధర మెట్లు మెట్లుగా పెరుగును గనుక, మిగులునవి పైమెట్టు మీది ప్రియమైన యూనిట్లే. అవ్వ అంతయు విని, ‘‘అయితే ముందే ఎందుకు చెప్పలేదురా వీళ్లు’’ అనెను.

నేనును ఒకసారి మోసపోయితిని. సంతలో ముప్పది రూపాయలకు పేరూరు లేని బల్బొకటి కొంటిని. రెండు నెలలలో అది మినుకుమని ఆరెను. ఎల్.ఇ.డి. బల్బులో డయోడు త్వరగా చెడదు. ఇంటి విద్యుత్తును దానికి తగినట్లు మార్చి యిచ్చు చిన్న పరికరము వేడికి చెడును. అందుచేత ఐ.ఎస్.ఐ. ముద్రయు, నక్షత్రముల చీటియు చూచి కొనుడు. గాలియాడని గాజుకుండలో దానిని బిగింపకుడు. మరియొక చిక్కు కలదు. చవుకయని రాత్రియంతయు పశువులపాకలో, వసారాలో, ఎవ్వరును లేని గదిలో వెలిగించి విడుచువారు మా వీథిలోనే కలరు. పొదుపైన యంత్రము వచ్చినకొలది బొగ్గు వాడుక తగ్గుటకు మారుగా పెరుగునని జెవన్సు అను ఆంగ్లేయ పండితుడు 1865లోనే వ్రాసెను. మా వీథిని చూచినచో ఆయన సంతోషించియుండును.

ఇక మా అమ్మ మాట. ఆ పంపిణీనాటికి ఆమెకు ఎనుబదినాలుగేండ్లు. ఆమె వంటింట ఇరువదియేండ్లుగా ఒక నలుబది వాట్ల బల్బు, పొగచూరి తుమ్మజిగురు రంగున నుండెడిది. పెద్దది వేసెదనన్నచో, ‘‘నాకీ వెలుతురు చాలు, కరెంటు దండగ’’ అని ఒప్పుకొనెడిది కాదు. బియ్యములో రాళ్లను చూపుతో గాక వ్రేళ్లతో ఏరెడిది. నేను క్రొత్త బల్బు బిగించి మీట నొక్కితిని. ఆమె వెలుగును చూడలేదు, గోడను చూచెను. పొయ్యిపైన మసి, ఉట్టిక్రింద జిడ్డు, మూలనున్న సాలెగూళ్లు అన్నియు ఒక్కసారి కనబడెను. చాలసేపు మాటాడక నిలిచి, ‘‘ఇన్నేళ్లూ ఇందులోనా మీకు అన్నం వండి పెట్టింది?’’ అనెను.

ఆ రాత్రి ఆమె నిదురపోలేదు. తెల్లవారునప్పటికి నా చెల్లెలిని పిలిపించినది. మధ్యాహ్నమునకు కుండలో సున్నము తడిసినది. ముడుచుకొనిన ఎడమచేతితో కుండను ఒడిసిపట్టుకొని, కుడిచేత కుంచెతో నా చెల్లెలు వంటింటి గోడలకు వెల్లవేసెను. మా అమ్మ పీటమీద కూర్చుండి, పట్టపగలే దీపము వెలిగించి యుంచి, ‘‘అదిగో, ఆ మూల ఇంకా నల్లగా ఉంది’’ అని చూపుచుండెను.