మంచి రచనకు వలసినదేమి? – సురవరమువారి గ్రంథములు చెప్పు సమాధానము

1930 వ సంవత్సరము మార్చి నెలలో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ ప్రథమ సమావేశము జోగిపేటలో జరిగెను. ఆ సభకు అధ్యక్షత వహించినవారు శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారు. జోగిపేట నారాయణఖేడువారికి పరాయి యూరు కాదు. నేడు రెండును సంగారెడ్డి జిల్లాలోనివే. నారాయణఖేడు తాలూకా మాత్రము 1956 నవంబరు 1 వఱకు బీదరు జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్విభజనముతో మెదకు జిల్లాలోనికి వచ్చినది. 2016 లో సంగారెడ్డి జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరినది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒకే అంగడిలో వినవచ్చు ఈ సరిహద్దు సీమవారికి, మాటల విలువ యెట్టిదో వేఱుగ చెప్పవలసిన పని లేదు. కచేరీలలోని కాగితములు ఉర్దూలో నడచిన ఆ కాలమున, 1918 లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సయితము బోధన ఉర్దూలోనే సాగిన ఆ కాలమున, తెలుగున ఒక పత్రికను నడపుటకు, తెలుగున ఒక కథ వ్రాయుటకు పాండిత్యము మాత్రమే చాలెడిది కాదు.

మంచి రచనకు వలసినదేమి యను ప్రశ్నకు ఆలంకారికులు చెప్పిన సమాధానములు చాలగలవు. ప్రతిభ యనిరి, వ్యుత్పత్తి యనిరి, అభ్యాసమనిరి. అవి కావ్యమునకు చెప్పినవి. కథకును చరిత్రకును, పాటకును పత్రికావ్యాసమునకును గూడ చెల్లునట్టి సమాధానము కావలెనన్నచో, ఈ నాలుగింటిని తానే చేసి చూపిన యొక మనుష్యుని పరిశీలించుట మేలు. తెలంగాణమున అట్టివాడు ప్రతాపరెడ్డిగారు. 1896 లో పాలమూరు మండలమున జన్మించి, మద్రాసులో న్యాయశాస్త్రము చదివి వచ్చి, 1926 మే 10 నుండి హైదరాబాదులో గోలకొండ పత్రికను నడపిరి. సంపాదకీయము తామే వ్రాయుదురు. పుటలు నిండనప్పుడు మాఱుపేర్లతో వ్యాసములును, కథలును తామే వ్రాయుదురు. కల్పన వేఱు, యథార్థము వేఱు అని వారి బల్లమీద రెండు కలములుండినట్లు కనబడదు.

తెలంగాణమున తెలుగు కవులు లేరని ఆ రోజులలో ఒక పండితుడు వ్రాసెను. ఇట్టి మాటకు ఎవరైనను మొదట చేయునది కోపించుట. ఒక ఘాటైన సంపాదకీయము వ్రాసిన సరిపోయెడిది, చదువరులు మెచ్చెడివారు, నెల తిరుగులోపల మఱచెడివారు. ప్రతాపరెడ్డిగారు చేసినది వేఱు. ఊరూరి కవుల పద్యములను, వారిని గూర్చిన వివరములను సేకరింపసాగిరి. 1934 లో గోలకొండ కవుల సంచిక వెలువడెను. అందున్న కవులు 354 మంది. వారిలో అందఱును మహాకవులు కారు. సామాన్యమైన పద్యములును అందు చాల గలవు. కాని లేరు అను మాటకు ప్రత్యుత్తరము ఎట్లుండవలెనో ఆ సంచిక చూపినది. మూడువందల యేబదినాలుగు పేర్లు ఒకచోట నిలిచిన తరువాత వాదమునకు తావు లేకపోయెను. కోపమునకు మంచి రచనలో చోటు లేదనరాదు. ఆ సంచిక పుట్టినది కోపమునుండియే. ఆ కోపము ఉత్తరములు వ్రాయించినది, పద్యములు పోగుచేయించినది. విశేషణములలో ఖర్చు కాలేదు.

1949 లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఇంకను గొప్ప యుదాహరణము. అంతకు ముందు చరిత్రయనగా రాజుల పేర్లు, వారి యుద్ధములు, వారు వేయించిన శాసనములు. జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ దేవతకు మ్రొక్కిరి, బేరమెట్లు చేసిరి యనుటకు శాసనములలో సమాధానము కొద్ది. దానము పొందిన బ్రాహ్మణుని గోత్రము తెలియును గాని, ఆ పొలము దున్నినవాడు మధ్యాహ్నము ఏమి తినెనో తెలియదు. ప్రతాపరెడ్డిగారు శిల్పములను, విదేశ యాత్రికుల వ్రాతలను, సామెతలను గూడ పరిశీలించిరి. కాని వారికి అన్నిటికంటె నెక్కువగా అక్కఱకు వచ్చినవి కావ్యములు, కట్టుకథలు. చరిత్రకారుడు కల్పనను సాక్ష్యమునకు పిలుచుట వింతగా తోచవచ్చును. ఇచ్చటనే అసలు విషయమున్నది.

క్రీడాభిరామము నొకసారి చూడుడు. ఇద్దఱు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుటయే దాని కథ. ఆ మిత్రులు కల్పితులు. కాని వారు చూచిన వీధులు, విన్న పాటలు, ఒక రూకకు కడుపునిండ భోజనము పెట్టు పూటకూళ్ల యిల్లు, ఆ యింటి వంటకములు కండ్లకు కట్టునట్లు వ్రాసినవి. కాకతీయుల ఓరుగల్లులో పరదేశి యొకడు పూట గడపుట యెట్లో తెలిసికొనవలెనన్నచో ఈ కట్టుకథయే మనకు దారి చూపును. కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలోని కథలు విక్రమార్కునివి, ఊరు ఉజ్జయిని. అందలి వస్తువులు, పనులు, మాటలు మాత్రము గోపరాజు తెలంగాణమువి. కృష్ణదేవరాయలు చక్రవర్తి. ఐనను ఆముక్తమాల్యదలో వానకాలమున పొయ్యి రాజుకొనక ఇల్లాండ్రు పడు పాట్లు వర్ణించెను. రాయలు పొయ్యి ఊదియుండడు. ఊదినవారిని చూచియుండెను, లేదా అడిగి తెలిసికొనియుండెను. శుకసప్తతి, హంసవింశతి అను గ్రంథములను శృంగార కథలని పెద్దలు ప్రక్కన బెట్టిరి. ప్రతాపరెడ్డిగారు వానిలోనుండియే కాపుల యిండ్లలోని సామగ్రిని, వృత్తులవారి పనిముట్లను, పిల్లల యాటలను పోగుచేసిరి.

ఇదే కవులు పురవర్ణన చేయునప్పుడు ప్రాకారములు చంద్రుని తాకును, అగడ్తలు పాతాళమునకు దిగును. ఆ పద్యము అయోధ్యకు చెల్లును, మధురకు చెల్లును, ఏ యూరి పేరు పెట్టిన ఆ యూరికి చెల్లును. అన్ని యూళ్లకు చెల్లు పద్యము ఏ యూరికిని సాక్షి కాజాలదు. సాంఘిక చరిత్ర వ్రాయువానికి అట్టి పద్యములు వేయి యున్నను ఉపయోగము లేదు. తడిసిన కట్టెల పొగను గూర్చినది ఒక్కటి యున్నను చాలును. ఈ వ్యాధి ప్రబంధకవులతో పోలేదు. సన్మానపత్రములు, స్మారక సంచికలు చూడుడు. వానికై ఆకాశము వైపు చూచు మెట్టనేలల గ్రామము సయితము అచ్చులో సస్యశ్యామలమగును. కీర్తిశేషులందఱు ఒకే మాదిరిగా పరోపకార పరాయణులగుదురు. అట్టి పత్రములో పేరొకటి మార్చి మఱియొకరికి చదివినను సభలో ఎవ్వరును గుర్తింపరు.

నిఘంటువులతోను ప్రతాపరెడ్డిగారికి పేచీయే. పూర్వకవి యొక యాట పేరు చెప్పును. నిఘంటువు తెఱచిన, బాలక్రీడా విశేషము అని యుండును. పక్షి పేరునకు పక్షివిశేషము, చెట్టు పేరునకు వృక్షవిశేషము. ఆట యని, చెట్టని పాఠకునికి ముందే తెలియును; అది ఏ యాటయో, ఎందఱాడుదురో, ఏమి కావలయునో తెలియదు. పండితుడు వ్రాసిన ఈ విశేషము అను మాట, తెలియలేదు అనుటకు గౌరవమైన మాఱుపేరు. వీధిలో చిర్రగోనె ఆడు బాలునకు ఆ సందేహము లేదు. నిఘంటువులలో దొరకని పదములను దొరకలేదనియే ప్రతాపరెడ్డిగారు వ్రాసిరి. వానిలో కొన్ని తెలంగాణపు పల్లెలలో వాడుకలో నున్నవని చూపిరి. అట్లు దొరకలేదని వ్రాయుటకు పండితునికి కొంత ధైర్యము కావలెను. అడుగుట, అడిగినది సరిచూచుట, తెలియనిచోట తెలియదని యొప్పుకొనుట, ఈ మూడును ఆ గ్రంథమును నిలబెట్టినవి. అందలి వాక్యములు ఏమంత సొగసైనవి కావు. అక్కడక్కడ విషయము పరుగులు తీయును, చెప్పినదే మఱల చెప్పబడును. ఐనను పాఠకుడు పుస్తకము మూయడు.

ఇక కల్పన. మొగలాయి కథలు అను పేర ప్రతాపరెడ్డిగారు వ్రాసిన కథలు నిజాము రాజ్యపు అధికారుల తీరును ఎగతాళి చేసినవి. వారి యొక కథ పేరు గ్యారా కద్దూ బారా కొత్వాల్. పదునొకండు గుమ్మడికాయలు, పండ్రెండుగురు కొత్వాలులు. హైదరాబాదు ప్రాంతమున ఈ మాట వినగానే నవ్వుదురు, వెంటనే నిట్టూర్తురు. అధికారులు లంచగొండులు, ప్రజలు పీడితులు అని వ్రాసినచో అది ఉపన్యాసము. కాయలు పదునొకండు, చేతులు పండ్రెండు అని లెక్క చెప్పినచో రైతు చేతిలో మిగిలినదేమో చదువరికే తెలియును. గోలకొండ కవులను 354 అని లెక్కించిన బుద్ధియు, గుమ్మడికాయలను లెక్కించిన బుద్ధియు ఒకటే. చరిత్రలో సంఖ్య నిజమై యుండవలెను. కథలో సంఖ్య కల్పితము కావచ్చును. కాని కథలోని కొత్వాలు వంటివాడు ఊరి గవినికడ నిజముగా నిలిచి చేయి చాచియుండనిచో, ఆ కథకు నవ్వువారుండరు.

ఈ మార్గమున నడచిన మఱియొకరు శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామిగారు. 1915 లో నల్లగొండ మండలమున పుట్టి, చిన్ననాడే దిక్కులేక, ఇండ్లలో వంటపనులు చేసి, హోటలులో పనిచేసి, అచ్చు దిద్దుట నేర్చి, 1938 లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిరి. అచ్చైన పుస్తకములు మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. పుస్తకము కొనువాని ముఖము చూచిన ప్రచురణకర్తలు అరుదు. కొనువాడు ఏ పుట దగ్గఱ ఆగెనో, ఏ మాటకు కనుబొమలు ముడిచెనో వారికి తెలియును. 1955 లో వారు వ్రాసిన ప్రజల మనిషి నవలలో వెట్టి, దొర, పటేలు, పట్వారీ అను మాటలు అలంకారములు కావు. ఆ మాటల బరువు మోసినవారితో కలిసి బ్రతికినవాడు వ్రాసినవి. తోటి ఖైదీల బ్రతుకులు జైలు లోపల అను కథలైనవి. గంగు అను నవల పూర్తికాకుండగనే 1961 లో వారు గతించిరి. వారి వచనమున ఉపన్యాసము పాలు కొంత యెక్కువ యనువారున్నారు. ఆ మాటలో నిజమును గలదు. పాత్రలు మాటాడుచుండగా రచయిత వచ్చి మాటాడు పుటలు కొన్ని బలహీనములే. వెట్టివాడు తన నోట తాను పలికిన పుటలు మాత్రము నేటికిని వాడిపోలేదు.

సరిహద్దు గ్రామములకు ఇందు సంబంధించిన విషయమొకటి గలదు. ఊరివారు తమ యూరిని గూర్చి వ్రాయనిచో, వ్రాయుపని దూరమున నున్నవారి పాలగును. వారు వ్రాయునది వెనుకబడిన ప్రాంతము అను రెండు మాటలు. నిఘంటువులోని క్రీడావిశేషము వంటిదే అదియు. మానిక, సోల, తవ్వలతో ధాన్యము కొలుచునాడు అంగడిలో బేరము ఏ భాషలో మొదలై ఏ భాషలో ముగిసెడిదో, బీదరు కచేరికి పోయి వచ్చుటకు ఏమి మూట కట్టుకొనెడివారో, 1956 లో జిల్లా మారినప్పుడు దస్తావేజులలోని లిపి చూచి పెద్దలేమనుకొనిరో చెప్పగలవారు ఊళ్లలోనే యుందురు, గ్రంథాలయముల పుస్తకములలో కాదు. ఇట్టి సంగతులు వ్రాయుటకు కవిత్వము రానక్కఱలేదు. ఒక కాగితము, ఒక వృద్ధుని యరుగు, ఆయన చెప్పినది మఱియొకరిని అడిగి సరిచూచు ఓపిక యుండిన చాలును. తరువాత దానిని ఆయనకే చదివి వినిపించినచో, ఎక్కడ తప్పెనో ఆయనయే చెప్పును.

ప్రతాపరెడ్డిగారు 1952 లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25 న మరణించిరి. 1955 లో కేంద్ర సాహిత్య అకాడమీ మొదటిసారి బహుమానములు ప్రకటించినప్పుడు, తెలుగున ఆ గౌరవము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కెను. పూటకూళ్ల యింటి వంటకములు, పిల్లల యాటలు, తడికట్టెల పొగ నిండిన ఆ పుస్తకమునకు బహుమానము వచ్చిన వార్త వినుటకు దానిని వ్రాసినవారు అప్పటికి లేరు.