గిట్ట మనది, లాడం అరువు

గుర్రం కాలికి సంబంధించి తెలుగులో రెండు జట్ల మాటలున్నాయి. పుట్టుకతో వచ్చిన పాదాన్ని గిట్ట అంటాం, డెక్క అంటాం. పాత రచనల్లో గొరిజ అన్న మాటా కనిపిస్తుంది. ఆ పాదానికి మేకులతో బిగించే ఇనుప కట్టును లాడం అంటాం, కొన్నిచోట్ల నాడా అంటాం. మొదటి జట్టు ఇంటి సొత్తు. రెండవది బయటి నుంచి వచ్చి చేరింది. ఈ చిన్న భేదాన్ని ఆధారం చేసుకొని గుర్రపు పాదం చరిత్రను కొంత దూరం చెప్పుకోవచ్చునని మా అభిప్రాయం. లాడం లేకుండా గుర్రాన్ని ఆరోగ్యంగా, హాయిగా ఉంచగలమా అనే ప్రశ్న పాశ్చాత్య దేశాలలో నాలుగు దశాబ్దాలుగా మళ్ళీ చర్చకు వచ్చింది. ఆ చర్చలో చరిత్ర తెలియక రెండు పక్షాలవారూ కొంత తప్పుదారి పట్టినట్లు కనిపిస్తుంది. దాని ఫలితం అనుభవించేది మాత్రం నోరులేని జంతువు.

ముందు మాటల సంగతి. గొరిజ అనగానే కర్ణాటకలో చదువుకొంటున్న విద్యార్థులకు కన్నడ 'గొరసు' తడుతుంది. తమిళ నిఘంటువులలో ఉన్న 'కురసు' కూడా ఈ కుటుంబంలోదే, వాడుకలో తమిళులు 'కుళంబు' అన్నా. మరాఠీ 'ఖూర్', ఒడియా 'ఖురా' సంస్కృత ఖుర శబ్దానికి చెందినవి. ఇనుప కట్టు దగ్గరికి వచ్చేసరికి ఈ వైవిధ్యమంతా మాయమవుతుంది. కన్నడంలో లాళ, తమిళంలో లాడం, మరాఠీలో నాల్, ఒడియాలో నాల. అన్నింటి వెనుకా ఉన్నది అరబీ 'నఅల్' అని మేము భావిస్తున్నాము. ఆ మాటకు అరబీలో మొదటి అర్థం చెప్పు, పాదరక్ష. పారసీ, ఉర్దూల మీదుగా దక్కనుకు వచ్చింది. నాల్ కాస్తా లాళ ఎలా అయిందని అడగవచ్చు. మాట మొదట్లో న-కార ల-కారాలు తారుమారు కావడం మన దేశభాషలలో కొత్త కాదు. హిందీ నీంబూ మరాఠీలో లింబూ అయింది. మన నాగలి సంస్కృతంలో లాంగలం. ఇక ళ-కారం డ-కారం కావడానికి చోళులు, చోడులు అన్న ఒక్క ఉదాహరణ చాలు.

అయితే మాట అరువు తెచ్చుకొన్నంత మాత్రాన వస్తువు అంతకుముందు లేనే లేదని తీర్పు చెప్పడం తొందరపాటు. కుర్చీ అరబీ మాట. అది రాకముందు మనవాళ్ళు నిలబడే ఉన్నారనుకోలేము గదా! కాని పీట మాట ఉండగా కుర్చీ మాట వచ్చింది. లాడానికి అలాంటి పాత ఇంటిమాట ఏదీ దక్షిణాది వాడుకలో నిలవలేదు. లాడాలు కొట్టేవాడు కూడా పారసీ పేరుతోనే నాల్‌బంద్ అయ్యాడు. మరాఠా సైన్యాలలో సొంత గుర్రంతో కొలువుకు వచ్చే సిలేదారుకు ముందుగా ఇచ్చే సొమ్ము పేరు నాల్‌బందీ. అక్బరు కొలువు లెక్కలు రాసిన అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో, గుర్రాలకు ఏడాదికి రెండుసార్లు నాల్ కొట్టేవారనీ, నాలుగు కాళ్ళకూ కలిపి ఒకప్పుడు 8 దాములు ఇస్తుండగా తరువాత 10 దాములు చేశారనీ నమోదు చేశాడు. 16వ శతాబ్ది చివరకు ఉత్తరాదిన ఇది సర్కారు పద్దు అయిపోయిందన్నమాట.

ఎద్దు సంగతి తలచుకొంటే లాడం ఎందుకు పుట్టిందో తేలికగా బోధపడుతుంది. పొలం దున్నే ఎద్దుకు సాధారణంగా లాడం ఉండదు. కంకర రోడ్డు మీద బండి లాగే ఎద్దును పడదోసి, కాళ్ళు కట్టి, చీలిన గిట్టకు రెండేసి రేకుల చొప్పున కొడతారు. జాతి ఒకటే, ఊరు ఒకటే. మారింది కాలికింది నేల, మోసే బరువు. గిట్ట గోరు వంటిది. గుర్రపు గిట్ట నెలకు సెంటీమీటరుకు కొంచెం తక్కువగా పెరుగుతుంది. ముందు భాగం పైనుంచి కిందిదాకా పూర్తిగా కొత్తది కావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. అరుగుదల పెరుగుదలను మించితే కాలు పుండవుతుంది, కనుక లాడం. పెరుగుదల అరుగుదలను మించితే గిట్ట పొడుగై, అంచులు చీలి, నడక చెడుతుంది, కనుక కోత. రెండూ సమానంగా ఉన్నచోట మనిషికి చేయవలసింది పెద్దగా ఏమీ ఉండదు.

ఈ సంగతి ప్రాచీన గ్రీకులకు బాగా తెలుసు. క్రీ.పూ. 4వ శతాబ్దిలో అశ్వవిద్య మీద చిన్న పుస్తకం రాసిన జెనొఫొన్‌కు మేకుల లాడం తెలియదు. గిట్ట గట్టిపడడానికి ఆయన చెప్పిన ఉపాయం వేరు. శాల నేల తడిగా, నున్నగా ఉండరాదు. నీరు జారిపోయేలా ఉండాలి. బయట గుర్రం నిలబడే చోట నాలుగైదు బండ్ల గుండ్రాళ్ళు పోయించి, అవి చెదరకుండా చుట్టూ కట్టు వేయించాలి. వాటి మీద నిలిచిన గుర్రం, కదలకపోయినా, రోజూ కొంతసేపు రాళ్ళ బాటన నడిచినట్లే అవుతుందని ఆయన తర్కం. రోమనులు దెబ్బతిన్న కాళ్ళకు తోలుపట్టీలతో కట్టే ఇనుప చెప్పులు వాడారు గాని, మేకులు కొట్టే అలవాటుకు ఐరోపాలో స్పష్టమైన ఆధారాలు 9, 10 శతాబ్దాల నుంచే దొరుకుతాయి. 13వ శతాబ్దికి అది అక్కడ సర్వసాధారణమైంది. బరువైన సవారీ, రాతి బాటలు ఒక కారణం. పగలల్లా పనిచేసి రాత్రల్లా పేడ, మూత్రాల తడిలో కట్టేసి ఉండడం వల్ల గిట్ట మెత్తబడడం మరొక కారణం. రెండవ కారణాన్ని చరిత్రకారులు తరచు వదిలేస్తారు.

మన దక్షిణాదికి వస్తే, 13వ శతాబ్ది చివర పాండ్య దేశాన్ని చూసిన మార్కో పోలో రాసిన మాటలు ప్రసిద్ధమే. రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొంటాడని, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరైనా మిగలవని ఆయన లెక్క. కారణాలు కూడా చెప్పాడు. గుర్రాలను చూసుకొనే తెలివి ఇక్కడివారికి లేదు. అమ్మకానికి తెచ్చే వర్తకులు లాడాలు కొట్టేవాళ్ళను, అంటే ఆ రోజుల్లో గుర్రపు వైద్యులను, ఇక్కడికి రానివ్వరు. గుర్రాలు చస్తేనే గదా మళ్ళీ బేరం! అన్నం వండి, మాంసంతో కలిపి పెడతారు. మేలుజాతి గుర్రానికి పుట్టిన పిల్లలు కూడా పాదాలు వంకరపోయి సవారీకి పనికిరావు. అంకెలను యథాతథంగా నమ్మనక్కరలేదు. కాని వర్ణన మీద మాకు నమ్మకముంది. పిండి పదార్థం ఎక్కువగా తిని కట్టుకొయ్య దగ్గర నిలబడిపోయే గుర్రానికి గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్యనున్న పొరలు వాచి, ఎముక పట్టు తప్పుతుందని నేటి పశువైద్యం చెబుతుంది. పాండ్యుల గుర్రాలలో కొన్నింటినైనా చంపింది ఈ రోగమే కావచ్చునని మా ఊహ. నిజానికి అక్కడ కరువైనది లాడం కాదు, పచ్చిక మేస్తూ తిరిగే బయలు.

విజయనగర కాలానికి కూడా కొరత తీరలేదు. సాళువ నరసింహరాయలు వెయ్యి పర్దావులకు మూడు గుర్రాల చొప్పున, బతికినవైనా చచ్చినవైనా కొనేవాడని, సముద్రం మీద చచ్చినవాటికి తోక తెచ్చి చూపితే చాలు సొమ్ము ముట్టేదని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కృష్ణదేవరాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా ఆయనే అన్నాడు. ఆముక్తమాల్యద రాజనీతి ఘట్టంలో రేవుల గురించి, గుర్రాల దిగుమతి గురించి రాయలు ప్రత్యేకంగా చెప్పడం ఈ నేపథ్యంలో చూడాలి. కొనడం మీద ఇంత శ్రద్ధ ఉన్న రాజ్యాలు నిలుపుకోవడం మీద ఎంత శ్రద్ధ పెట్టాయన్నది వేరే వ్యాసానికి తగిన విషయం.

లాడం మీద మొదటి గట్టి శాస్త్రీయ ఆక్షేపణ ఇంగ్లండులో వచ్చింది. 1791లో లండనులో నెలకొన్న పశువైద్య కళాశాలలో తొలినాళ్ళలో చదివిన బ్రేసీ క్లార్క్, ఒకే గుర్రం పాదానికి ఏళ్ళ తరబడి అచ్చులు పోసి, లాడం కొట్టిన తరువాత గిట్ట వెనుక భాగం క్రమంగా ఎలా ముడుచుకుపోతుందో 1809లో ప్రకటించాడు. అడుగు మోపినప్పుడల్లా గిట్ట కొద్దిగా విచ్చుకొంటుంది. అడుగున మూడు మూలలుగా ఉన్న మెత్తని భాగం నేలకు నొక్కుకొని అదురును మింగుతుంది. ఇనుము ఆ కదలికను బిగదీస్తుంది. (ఈ మెత్తని భాగాన్ని ఇంగ్లీషువారు కప్ప అంటారు. జెనొఫొన్ నాటి గ్రీకులు వానకోయిల అన్నారు. ఒకే ఆకారంలో ఒకరికి కప్ప, మరొకరికి పిట్ట కనిపించడం అర్థవిజ్ఞాన విద్యార్థులకు మంచి విందు.) క్లార్క్ మాట ఆనాడు చెల్లలేదు. నగరాల బళ్ళు, సైన్యాలు, తపాలా అన్నీ లాడం మీద నడుస్తున్న కాలమది.

మళ్ళీ ఈ ప్రశ్న లేపినవాడు లాడాలు కొట్టే వృత్తిలో ఉన్నవాడే కావడం విశేషం. అమెరికాకు చెందిన జేమీ జాక్సన్ 1982 నుంచి 1986 వరకు ఆ దేశపు పశ్చిమాన గ్రేట్ బేసిన్ ఎడారి ప్రాంతంలో తిరిగే అడవి గుర్రాలను గమనించాడు. ఎవరూ కోయని, ఎవరూ లాడం కొట్టని వాటి పాదాలు పొట్టిగా, గట్టిగా, అంచులు గుండ్రంగా ఉండడం చూసి 1992లో 'ది నేచురల్ హార్స్' అనే పుస్తకం ప్రకటించాడు. గిట్ట కోసే పద్ధతి మార్చితే చాలదని, గుర్రం బతికే తీరు మారాలని తరువాత 'పాడక్ పారడైజ్' అనే పుస్తకంలో ప్రతిపాదించాడు. నేడు బాట పద్ధతిగా పేరుపడినది ఇదే.

పద్ధతి చాలా సులువు. పొలానికి బయటి కంచె ఎలాగూ ఉంటుంది. దానికి లోపల కొన్ని మీటర్ల ఎడంలో మరో కంచె వేస్తారు. రెంటి మధ్య పొలం చుట్టూ తిరిగివచ్చే సన్నని బాట ఏర్పడుతుంది. గుర్రాలు ఒంటరిగా కాక మందగా ఆ బాటలోనే ఉంటాయి. మధ్యనున్న పచ్చికను గడ్డి కోతకు వదిలేస్తారు. నీళ్ళు ఒక మూల, ఉప్పు మరో మూల, ఎండుగడ్డి కొద్దికొద్దిగా పలుచోట్ల. నీళ్ళతొట్టి చుట్టూ గులకరాళ్ళు పోస్తారు, ఎందుకంటే రోజుకు పలుమార్లు అక్కడికి రాక తప్పదు. ఒకచోట పొర్లాడడానికి ఇసుక, ఒకచోట నీడ. బలహీనమైన గుర్రాన్ని మందలో పెద్దది మూలకు తోయకుండా బాటలో దారి మూసుకుపోయే చోటు ఉండకూడదు. మన పల్లెల్లో మేతబీడు ఒక దిక్కున, చెరువు మరో దిక్కున ఉండి పశువు రోజంతా నడిచినట్లే ఇదీను. జెనొఫొన్ రాళ్ళను గుర్రం దగ్గరికి తెస్తే, జాక్సన్ గుర్రాన్ని రాళ్ళ దగ్గరికి నడిపించాడు.

నడక ఎంత ముఖ్యమో అంకెలే చెబుతాయి. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ప్రకటించిన కొలతల ప్రకారం ఆస్ట్రేలియా లోనాడులోని అడవి గుర్రం సగటున రోజుకు దాదాపు 16 కిలోమీటర్లు నడుస్తుంది. తక్కువలో తక్కువ 8, ఎక్కువలో 28. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు గల దొడ్డిలోని గుర్రం నడిచేది సుమారు ఒక్క కిలోమీటరు. 16 హెక్టార్ల బయలు ఇచ్చినా 7 కిలోమీటర్లే నడిచింది. అంటే ఎకరాలు పెంచితే చాలదు. నడవడానికి కారణం ఉండాలి. బాట చేసే పని ఆ కారణం కల్పించడమే.

అయితే అడవిలో ఉన్నదంతా ఆదర్శమనుకోవడం పొరపాటు. ఆ పరిశోధకుల బృందమే ఆస్ట్రేలియా, న్యూజీలాండుల అడవి గుర్రాల పాదాలలో కూడా లోపాలు, గిట్ట పొరల వాపు జాడలు చూసింది. గట్టినేల మీద అతిగా నడిచినవాటి పాదాలు బయటికి అందంగా ఉన్నా లోపల దెబ్బతిన్నవి ఉన్నాయి. లాడం విరోధులు ఈ ఫలితాన్ని అంతగా చెప్పరు. అటువైపు వారు చెప్పని సంగతి మరొకటి. లాడాలు పీకి, అదే తడి శాలలో, అదే ధాన్యం పెట్టి, అదే కొయ్యకు కట్టేస్తే గుర్రం కుంటుతుంది. ఆ కుంటును చూపించి పద్ధతే పనికిరాదంటారు. లాడం తీసిన గుర్రానికి కొత్త గిట్ట దిగడానికి నెలలు కావాలి, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి నేర్పరి చేత అంచులు సరిచేయించాలి, రోడ్డెక్కేటప్పుడు తొడిగి విప్పే బూట్లు కావాలి. రోమనుల కాలిచెప్పు ఈ విధంగా మళ్ళీ వచ్చింది.

మన నేలల మాట కూడా చెప్పుకోవాలి. నల్లరేగడిలో సన్నబాట వేసి నాలుగు గుర్రాలను తోలితే తొలకరికే అది బురదగుంట అవుతుంది. నెలల తరబడి తడిలో గిట్ట కుళ్ళుతుంది. నీటివాలు, కంకర, గ్రావెల్ ముందు చూసుకోకుండా విదేశీ పుస్తకం చూసి కంచె నాటడం దండగ. రోజంతా తారురోడ్డు మీద బండి లాగే గుర్రానికి, పెళ్ళి ఊరేగింపుల గుర్రానికి ఉన్నపళంగా లాడం పీకడమూ దయ అనిపించుకోదు. ముందుగా వాటికి ఇవ్వగలిగింది పొడినేల, ఎండుగడ్డి, పని లేనప్పుడు తాడు విప్పి తోటి గుర్రాలతో తిరగనివ్వడం.

చివరిగా ఒక పని. జట్కాలు పోవడంతో నాల్‌బందుల వృత్తి కరిగిపోతున్నది. వారితోపాటు వారి మాటలూ పోతాయి. హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాం ప్రాంతాలలో ఉన్న విద్యార్థులు తమ ఊళ్ళో మిగిలిన లాడాల పనివాళ్ళను కలిసి గిట్ట భాగాలకు, పనిముట్లకు, కాలిరోగాలకు వాడే పేర్లు రాసుకోవాలని కోరుతున్నాము. అడిగేటప్పుడు మాట చెప్పి అడగకండి, మీ మాటే తిరిగి చెబుతారు. కాలు ఎత్తించి, అడుగున ఆ మూడు మూలల భాగాన్ని వేలితో చూపించి, దీన్ని మీరేమంటారు అని అడగండి.