చేపల తొట్టి రొద

చేపలు మాట్లాడవు. ఇంట్లో పెంచుకోవడానికి వాటికున్న పెద్ద యోగ్యత అదే. కుక్కలా మొరగవు, చిలకలా వచ్చినవాళ్ళ ముందు ఇంటి గుట్టు బయటపెట్టవు. కానీ వాటికోసం తొట్టికి తగిలించే గాలి పంపు ఉంది చూశారూ, అది చేపలన్నిటి తరఫునా తానొక్కతే మాట్లాడుతుంది. పగలు వంటింటి చప్పుళ్ళలో కలిసిపోతుంది. రాత్రి దీపాలార్పాక మొదలవుతుంది దాని పురాణం!

నిజాం కాలంలో, 1874లో పడిన వాడి-సికింద్రాబాదు రైలుమార్గం మా శంకర్‌పల్లి మీదుగానే పోతుంది. అర్ధరాత్రి గూడ్సుబండి కూతవేసినా మా ఇంట్లో ఎవరికీ మెలకువ రాదు. అరచేతిలో పట్టే ఈ పంపు మాత్రం ఇంటిల్లిపాదినీ మంచాలమీద దొర్లిస్తుంది. 

"చేపలకు ఊపిరాడనీకె గింత లొల్లి గావాల్నా అమ్మా? చెరువుల చేపలకు ఏ మిషిను పెట్టిన్రు?" అని పక్కింటి అవ్వ అడిగింది. నవ్వేశాను గానీ, ప్రశ్న మంచిదే.

గాలిలోని ప్రాణవాయువు నీటి పైభాగం నుంచే లోపలికి దిగుతుంది. చెరువుకి విశాలమైన ముఖం ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి గండిపేటకు వెళ్ళే మన మూసీ అయితే రాళ్ళమీద పడుతూ లేస్తూ గాలిని తానే కలుపుకుంటుంది. గాజుతొట్టిలో నీళ్ళు కదలవు. వాటిని కదిలించే పని ఎవరో ఒకరు చెయ్యాలి. మరి కరెంటు పంపులు రాకముందు ఎవరు చేశారు?

గాజుతొట్టి కథ ఆడవాళ్ళతోనే మొదలైందంటే ఆశ్చర్యపోతారేమో. జాన్ విల్‌ప్రో-పవర్ అనే ఫ్రెంచి వనిత పారిస్‌లో బట్టలు కుట్టి, ఎంబ్రాయిడరీ చేసి బతికిన మనిషి. పెళ్ళయ్యాక సిసిలీ దీవిలో కాపురం పెట్టింది. సముద్రజీవులను బతికుండగా చూడాలని 1832లో గాజుతొట్లు చేయించింది. ఆర్గోనాట్ అనే జీవి తన గుల్లను ఎక్కడా దొంగిలించదనీ, తానే కట్టుకుంటుందనీ వాటిలో పెంచి రుజువు చేసింది.

తర్వాత ఆనా థిన్. లండనులో మతాధికారి భార్య. 1846లో టార్కీ సముద్రతీరం నుంచి పగడాల జాతి జీవులను ఇంటికి తెచ్చుకుంది. లండనులో సముద్రపు నీళ్ళెక్కడ? అస్తమానూ తెప్పించడం ఎవరి తరం? అందుకని ఉన్న నీళ్ళనే తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంటో, ముప్పావుగంటో తిరగబోయించేది. మనం కాఫీ చల్లార్చినట్టన్నమాట!

తిరగబోసింది ఆవిడ కాదు, ఇంట్లో చిన్న పనిపిల్ల. అది అలసట కలిగించే పనేననీ, అయినా ఆ పిల్లకు అదొక సరదాగా ఉండేదనీ 1859లో అచ్చయిన వ్యాసంలో ఆవిడే రాసుకుంది. ముప్పావుగంట చేతులాడిస్తే ఎంత సరదాగా ఉంటుందో రోట్లో పిండి రుబ్బినవాళ్ళను అడగండి, చెబుతారు. ఆ పిల్లను ఎవరూ అడిగినట్టు లేదు.

ఆవిడే 1847లో తొట్టిలో సముద్రపు మొక్కలు కూడా వేసింది. 1850లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేపలు, నీటిమొక్కలు, కుళ్ళిన ఆకులు తినే నత్తలు ఒకదాన్నొకటి ఆదుకుంటాయని వివరించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. 1871లో క్రిస్టల్ పాలెస్ ఆక్వేరియం వచ్చేసరికి నీళ్ళు తిప్పడానికి ఆవిరియంత్రాలు దిగాయి. చివరికి కరెంటు వచ్చింది.

మన పంపులో అయస్కాంతం కట్టిన చిన్న చెయ్యి ఒకటుంటుంది. కరెంటు సెకనుకు 50 మార్లు ఊగుతుంటే, దానితోపాటే ఊగుతూ రబ్బరు పొరను నొక్కి గాలి తోస్తుంది. రొద అక్కడ పుట్టేది కొంచెమే. పంపును చెక్క అలమరలో పెడితే, వీణ తీగ మోతను పనసచెక్క కుండ పెంచినట్టు, అలమర దాన్ని పెంచుతుంది. కాబట్టి కింద మందమైన స్పాంజి వెయ్యండి, లేదా తాడుతో వేలాడదీయండి. గోడకి తగలనివ్వకండి. పైన గుడ్డ కప్పితే వేడెక్కిపోతుంది, ఆ పని వద్దు. గాలిరాయి పూడుకుపోతే పంపు ఆయాసపడి ఇంకా అరుస్తుంది, రాయి మార్చండి. పంపు ఎప్పుడూ నీటిమట్టానికి పైనే ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్ళు వెనక్కి దిగుతాయి.

అసలు మందు మాత్రం వెడల్పాటి తొట్టి, తక్కువ చేపలు, కాసిని మొక్కలు. అప్పుడు చిన్న పంపే చాలు. నిద్రపట్టడంలేదని కిక్కిరిసిన తొట్టికి రాత్రి పంపు ఆపేయకండి. చీకట్లో మొక్కలు కూడా ప్రాణవాయువునే వాడుకుంటాయి. తెల్లారేసరికి చేపలు తేలిపోగలవు.

ఇన్ని చేసినా పంపు కాస్త సణుగుతూనే ఉంటుంది. నాకిప్పుడు అది మరీ విసుగనిపించదు. లండనులో ఆ పిల్ల సణగలేదు. సణిగినా ఎవరూ రాసిపెట్టలేదు.