రామన్నపేట ఎండలో ప్రాసెసర్‌కు ఎన్ని ఓల్టులు?

ఉమ్మడి నల్లగొండలోని రామన్నపేట చుట్టుపక్కల బోరు మోటారున్న రైతుకు ఓల్టేజి గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. లో ఓల్టేజి వచ్చిందంటే మోటారు మూలుగుతుంది, వైండింగ్ కాలుతుంది, మోటారు పైకి లాగి రీవైండింగ్ షాపుకు తీసుకెళ్లే ఖర్చు మీద పడుతుంది. కారణం తేలికే. నీటి బరువు మారదు. ఓల్టేజి పడిపోయినప్పుడు అదే బరువు మోయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగ వేడెక్కుతుంది. సరఫరా ఓల్టేజి ప్రకటించిన అంకెకు 6 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదని 1956 నాటి విద్యుత్ నియమాలు చెప్పాయి. 230 ఓల్టుల సింగిల్ ఫేజ్‌కు అంటే దాదాపు 216 నుంచి 244 దాకా. ఈ ప్రాంతంలో జనం భయపడేది ఆ కింది గీతకే తప్ప పై గీతకు కాదు.

ఆ భయం కంప్యూటర్ దాకా వస్తే ఏమవుతుందో ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో చూశాను. రేకుల కప్పు, మూలన ఎయిర్ కూలర్, మూత తీసేసి పక్కకు పడుకోబెట్టిన అసెంబుల్డ్ సిస్టమ్. హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ము దూది పెట్టినట్టు పేరుకుపోయి ఉంది. పెద్ద ఫైలు తెరిస్తే మిషన్ నెమ్మదిస్తోందని షాపు కుర్రాడు బయోస్‌లోకి వెళ్లి స్పీడు పెంచాడు. పెంచాక హ్యాంగ్ అవుతుంటే ఓల్టేజి కూడా పెంచుకుంటూ పోయాడు. కొంచెం తగ్గించి చూడమన్నాను. వాడికి నమ్మకం కుదరలేదు. "ఓల్టేజి తగ్గిస్తే కాలిపోదా అన్నా?"

మోటారు విషయంలో ఆ ప్రశ్న సరైనదే, ప్రాసెసర్‌కొచ్చేసరికి తలకిందులవుతుంది. అలా ఎందుకంటున్నానో చెప్పడానికి దొరికే ఆధారాలేమిటి, అవి ఎంత గట్టివి అన్నదే ఈ వ్యాసం.

ముందుగా ఒక గందరగోళం తీసేద్దాం. గోడ ప్లగ్గులోని 230 ఓల్టులు ప్రాసెసర్ దాకా రావు. కంప్యూటర్ పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్, వాటిని 12 ఓల్టుల డీసీగా మారుస్తుంది. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కనే ఉండే రెగ్యులేటర్ సర్క్యూట్ ఆ పన్నెండును ఒకటికి కాస్త అటూ ఇటూగా దించుతుంది. లైన్‌లో ఓల్టేజి కొంత తగ్గినా మంచి ఎస్‌ఎంపీఎస్ సర్దుకుంటుంది. మరీ పడిపోతే సిస్టమ్ ఆగిపోతుంది తప్ప ప్రాసెసర్‌కు తక్కువ ఓల్టులు అందించదు. కాబట్టి స్టెబిలైజర్ లెక్క వేరు, ఇక్కడ మాట్లాడుకునే లెక్క వేరు. ఇక్కడ 0.05 ఓల్టు కూడా పెద్ద అంకె.

ఓవర్‌క్లాకింగ్ అంటే కంపెనీ నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువ వేగంతో ప్రాసెసర్‌ను నడపడం. వేగం పెరిగితే గడువు తగ్గుతుంది, ట్రాన్సిస్టర్లు ఆ గడువులోపు మారడానికి ఎక్కువ ఓల్టేజి కావాలి. ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది, ఓల్టేజితో మాత్రం వర్గంగా పెరుగుతుంది. 1.20 ఓల్టుల దగ్గర 4.2 గిగాహెర్ట్జ్‌తో 65 వాట్లు తాగే ప్రాసెసర్ ఒకటి ఉందనుకోండి. దాన్ని 1.35 ఓల్టులకు, 4.6 గిగాహెర్ట్జ్‌కు తెస్తే వేగం పెరిగింది తొమ్మిదిన్నర శాతం, వాట్లు పెరిగింది దాదాపు 39 శాతం. 65 కాస్తా 90 అయింది. ఓల్టేజి, వేడి పెరిగే కొద్దీ లీకేజీ కూడా పెరుగుతుంది కనుక అసలు అంకె ఇంకా పైనే ఉంటుంది.

ప్రాసెసర్ దెబ్బతినే తీరు మోటారు కాలడంలా కంటికి కనబడదు. ట్రాన్సిస్టర్ గేటు కింద కొన్ని పరమాణువుల మందంలో ఒక బంధక పొర ఉంటుంది. ఎక్కువ ఓల్టేజి కింద అందులో లోపాలు ఒక్కొక్కటిగా పోగవుతాయి. సన్నని రాగి తీగల్లో ఎలక్ట్రాన్ల తోపిడికి లోహపు పరమాణువులే మెల్లగా జరిగిపోతాయి. ఈ రెండోదాన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. దానికి 1960ల చివర్లో జేమ్స్ బ్లాక్ ఇచ్చిన సమీకరణం నేటికీ వాడుకలో ఉంది. కరెంటు సాంద్రత పెరిగినా, ఉష్ణోగ్రత పెరిగినా తీగ ఆయుష్షు తగ్గుతుందని, ఉష్ణోగ్రతతో ఆ తగ్గుదల ఘాతీయంగా ఉంటుందని అది చెబుతుంది. వాడేవారికి కనబడే మొదటి గుర్తు చాలా చిన్నది. నిరుడు 1.30 దగ్గర నిలకడగా నడిచిన ప్రాసెసర్ ఈ ఏడు అదే వేగానికి 1.33 అడుగుతుంది. చాలామంది విండోస్ పాడైందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు.

ఎంత దాటితే ప్రమాదం అన్నదానికి మూడు సందర్భాలు పనికొస్తాయి. మూడింటి బలం ఒకటి కాదు.

మొదటిది 2002-03 ప్రాంతంలోని పెంటియం 4. విలమెట్ అనే మొదటి రకం 180 నానోమీటర్ల పద్ధతిలో తయారై దాదాపు 1.7 ఓల్టుల మీద నడిచేది. తర్వాత వచ్చిన నార్త్‌వుడ్ 130 నానోమీటర్లది, దానికి కంపెనీ పెట్టింది 1.5 దగ్గర. అలవాటు కొద్దీ దీన్నీ 1.7 దాటించినవారి ప్రాసెసర్లు హఠాత్తుగా చచ్చిపోవడంతో వాడేవాళ్లే దానికి 'సడెన్ నార్త్‌వుడ్ డెత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఇది వాడకందార్ల అనుభవం, ప్రయోగశాల లెక్క కాదు. అయినా అన్నకు మామూలు మోతాదు తమ్ముడికి విషమైందన్న మాటను కొట్టేయలేం. ఒక తరం అంకెను ఇంకో తరానికి వాడకూడదు.

రెండోది 2023 ఏప్రిల్ నాటిది. ఏఎమ్‌డీ రైజెన్ 7000 శ్రేణిలో 3డీ క్యాష్ ఉన్న ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే ఉబ్బి కాలిన ఫొటోలు బయటికొచ్చాయి. ర్యామ్ వేగం కోసం ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేస్తే కొన్ని బోర్డులు మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు వెళ్లే ఎస్‌ఓసీ ఓల్టేజిని తమంతట తామే ఎక్కించేస్తున్నాయని తేలింది. ఆ ఓల్టేజి 1.3 దాటకుండా ఏఎమ్‌డీ పరిమితి విధించింది. ప్రాసెసర్ వేగాన్ని ముట్టుకోకపోయినా ఒక్క మెనూ నొక్కితే చాలు, ఇంత జరగవచ్చు.

మూడోదే గట్టిది, ఎందుకంటే కారణాన్ని కంపెనీయే విప్పి చెప్పింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు క్రాష్ అవుతున్నాయన్న ఫిర్యాదులు పేరుకున్నాక, ప్రాసెసర్ లోపలి నియంత్రణ ప్రోగ్రామైన మైక్రోకోడ్ అవసరానికి మించిన ఓల్టేజి అడుగుతోందని 2024 జూలైలో కంపెనీ ఒప్పుకుంది. అడిగే ఓల్టేజి 1.55 దాటకుండా ఆగస్టులో కొత్త మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. కోర్ లోపలి క్లాక్ సర్క్యూట్ ఒకటి ఎక్కువ ఓల్టేజికి, వేడికి త్వరగా ముసలిదవుతోందని సెప్టెంబరులో తేల్చింది. ఇందులో నన్ను ఆలోచనలో పడేసిన సంగతులు రెండు. ఆ ప్రాసెసర్ల డేటాషీట్‌లో ఓల్టేజి గరిష్ఠం 1.72 అని అచ్చువేసి ఉంది, నష్టం మాత్రం అంతకన్నా బాగా కిందే మొదలైంది. డేటాషీట్ గరిష్ఠమంటే అడగగలిగిన పరిధి చివర, రోజూ నడపదగ్గ అంకె కాదన్నమాట. రెండోది, మైక్రోకోడ్ అనవసరంగా ఎక్కువ ఓల్టేజి అడిగిన సందర్భాల్లో ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉన్నవీ ఉన్నాయి. వేడి తక్కువుంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

పని తక్కువున్నప్పుడు ఎక్కువ ఓల్టేజి ఎప్పుడూ తప్పేనా అంటే అదీ కాదు. 2019లో మూడో తరం రైజెన్ తేలికపాటి పనిలో 1.4 నుంచి 1.5 దాకా చూపిస్తుంటే, అది మామూలేనని ఏఎమ్‌డీ వివరించింది. ఒక కోర్‌కు క్షణకాలం, తక్కువ కరెంటుతో ఇచ్చే 1.45 వేరు, అన్ని కోర్లకూ రోజంతా బిగించి ఇచ్చే 1.45 వేరు. అందుకే 'సేఫ్ ఓల్టేజి ఎంత' అన్న ప్రశ్నకు ఒంటరి అంకెతో జవాబిచ్చేవారిని నేను నమ్మను. ఎన్ని ఆంపియర్లు, ఎంత వేడి, ఎంతసేపు అన్నవి పక్కన లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

వేడి దగ్గరికొస్తే రామన్నపేట లెక్కలోకి వస్తుంది. ఓవర్‌క్లాకింగ్ పరీక్షలు ఎక్కువగా 20-25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. ఉమ్మడి నల్లగొండలో మే నెల మధ్యాహ్నం బయట 44 డిగ్రీలున్న రోజు రేకుల షాపులో 40 ఉందనుకోవడం అతిశయం కాదు. ఇందాకటి 90 వాట్ల ప్రాసెసర్‌నే తీసుకుందాం. దాని కూలర్‌తో ప్రాసెసర్ గది కన్నా వాటుకు 0.4 డిగ్రీ చొప్పున ఎక్కువ వేడెక్కుతుందనుకుంటే, 24 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 60 దగ్గర ఉంటుంది, 40 డిగ్రీల షాపులో 76కు చేరుతుంది. ఓల్టేజి అదే, స్పీడు అదే. రాగి తీగలకు వాడే 0.7 నుంచి 0.9 ఎలక్ట్రాన్ ఓల్టుల ఉత్తేజన శక్తి విలువలతో బ్లాక్ సమీకరణం వేసి చూస్తే, ఎలక్ట్రోమైగ్రేషన్ ఒక్కదాని పరంగా ఆయుష్షు మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతుంది. ఇది నా కాగితం లెక్క. ఏడాది పొడవునా మే నెల ఉండదు, ప్రాసెసర్ అంతా ఒకే వేడిలో ఉండదు, కంపెనీ ముందే అదనంగా ఉంచిన ఆయుష్షూ పెద్దదే. కాబట్టి నాలుగో వంతంటే రేపే పోతుందని కాదు. బెంగళూరులోనో బెర్లిన్‌లోనో ఒకరు భేషుగ్గా నడిపిన 1.35 ఇక్కడా అంతే భేషుగ్గా నడుస్తుందని అనుకోవడానికి మాత్రం ఆధారం లేదు.

స్క్రీన్ మీద కనిపించే అంకెనూ పూర్తిగా నమ్మలేం. ప్రాసెసర్ అడిగిన ఓల్టేజి ఒకటి, అందింది ఇంకొకటి. పని మీద పడగానే ఓల్టేజి కాస్త కుంగుతుంది, అది డిజైన్‌లో ఉన్నదే. ఆ కుంగుబాటును చెరిపేయడానికి లోడ్‌లైన్ సెట్టింగ్‌ను చివరికి తిప్పితే, పని ఆగిన క్షణంలో ఓల్టేజి పైకి ఎగురుతుంది. మైక్రోసెకండ్లలో వచ్చిపోయే ఆ ఎగురుడు సాఫ్ట్‌వేర్‌కు దొరకదు, మల్టీమీటర్‌కూ దొరకదు, ఆసిలోస్కోప్ కావాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ కొనేవారికి ఇంకో చిక్కు కూడా ఉంది. దాన్ని అంతకుముందు ఎవరు ఏ ఓల్టుల మీద ఎన్నేళ్లు నడిపారో పైన ఎక్కడా రాసి ఉండదు.

ఇక కుర్రాడి ప్రశ్న. ఓల్టేజి తగ్గితే మోటారులా ప్రాసెసర్ ఎక్కువ కరెంటు లాగదు, తక్కువే లాగుతుంది. చాలకపోతే హ్యాంగ్ అవుతుంది, రీస్టార్ట్ అవుతుంది. సెట్టింగ్ వెనక్కి తిప్పితే మళ్లీ మామూలే. ఎక్కువైతే జరిగే అరుగుదలకు వెనక్కి తిప్పే మార్గం లేదు. తగ్గించడంలో ప్రమాదం అసలే లేదని అనను. అంచు మీద నడిచే ప్రాసెసర్ హ్యాంగ్ కాకుండానే తప్పు లెక్క చేసి ఫైలు చెడగొట్టవచ్చు. ఓల్టేజి కావాలని తగ్గించి భద్రమైన లెక్కల్లో తప్పులు పుట్టించవచ్చని 2019 డిసెంబరులో 'ప్లండర్‌ఓల్ట్' పేరుతో పరిశోధకులు చూపించాక, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఓల్టేజి తగ్గించే సెట్టింగే మూసేశారు.

ఆ రోజు షాపులో మేం చేసింది చిన్న పని. స్పీడును కంపెనీ అంకెకు తెచ్చాం, హీట్ సింక్ విప్పి బ్రష్‌తో దులిపాం, ఎండిపోయిన పేస్ట్ తుడిచి కొత్తది పూశాం. ఓల్టేజి 0.025 చొప్పున రెండు మెట్లు దించి, ఒక్కో మెట్టు దగ్గర వాడి పెద్ద ఫైళ్లనే గంటసేపు నడిపించాం. గంట పరీక్ష చాలదని నాకు తెలుసు, అందుకే పెళ్లి ఫ్లెక్సీల ఒరిజినల్ ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేయించాను. మూడో మెట్టు దించబోతే కుర్రాడే ఆపాడు. "చాలన్నా. ఫ్యాను సప్పుడు తగ్గింది, గది సాలు."